రాత్రి మంచు గడ్డకట్టిందా? (సందేహాలు - సమాధానాలు)

మే నెల వచ్చిందంటే సియాటెల్, పోర్ట్‌లాండ్, బే ఏరియాల్లోని మనవాళ్ల నుంచి ఒకే తరహా ఉత్తరాలు మొదలవుతాయి. శీతాకాలమంతా రిసార్టుల్లో లిఫ్టు ఎక్కి స్కీయింగ్ నేర్చుకున్నవాళ్ల కన్ను ఇప్పుడు లిఫ్టు లేని కొండల మీద పడుతుంది. రెయినియర్, ఆడమ్స్, సెయింట్ హెలెన్స్, హుడ్, షాస్టా... అన్నీ అగ్నిపర్వతాలే, అన్నిటికీ మే, జూన్ మంచి అదునే. చిక్కల్లా ఒకటే. వాషింగ్టన్‌లో మంచు చరియల గురించి రోజూ హెచ్చరించే నార్త్‌వెస్ట్ అవలాంచ్ సెంటర్ బులెటిన్లు ఏప్రిల్ చివరికల్లా ఆగిపోతాయి. అక్కడి నుంచి ఎవరి లెక్క వాళ్లే వేసుకోవాలి. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో నలుగురికీ పనికొచ్చేవి ఏరి జవాబులిస్తున్నాను.

మెమోరియల్ డే వారాంతంలో ముగ్గురు మిత్రులం రెయినియర్ మీద క్యాంప్ మ్యూర్ దాకా స్కీలతో ఎక్కి దిగుదామనుకుంటున్నాం. శనివారం మంచి ఎండ అంటున్నారు. ముందు రాత్రి ప్యారడైజ్‌లో 4 డిగ్రీల సెల్సియస్. వాతావరణం ఇంత బాగుంటే ఇంకా చూసుకోవాల్సింది ఏమైనా ఉందా? ‘కార్న్’ దొరకాలంటే ఎన్నింటికి బయలుదేరాలి?
*- సాఫ్ట్‌వేర్ ఇంజనీరు, బెల్‌వ్యూ*

పగలు ఎండ కాస్తుందని చూశారు, బాగుంది. రాత్రి ఆకాశం ఎలా ఉంటుందో చూశారా? వసంతం చివర్లో నేను అన్నిటికంటే ముందు చూసేది అదే. శీతాకాలంలో కురిసిన మంచు ఈపాటికి పైనుంచి అడుగు దాకా సున్నా డిగ్రీల దగ్గరికి వచ్చేసి ఉంటుంది. పగలు ఎండకి పైపొర కరిగి, ఆ నీరు రేణువుల మధ్యకి దిగుతుంది. రాత్రి అదే నీరు గడ్డకట్టి రేణువుల్ని ఒకదానికొకటి అతికిస్తుంది. వరసగా కొన్ని రోజులు ఇలా కరుగుతూ, గట్టిపడుతూ ఉంటే చిన్న రేణువులు పోయి పెద్దవి మిగులుతాయి. పటికబెల్లం పలుకుల్లా గరగరలాడే ఆ మంచే మీరడిగిన కార్న్. తెల్లవారుజామున దాన్ని బూటు మడమతో కొట్టినా గుంట పడదు. ఎండ తగిలాక పైన ఒకటి రెండు అంగుళాలు మెత్తబడి, కింద ఇంకా గట్టిగా ఉన్నంతసేపే స్కీకి పండగ. అది గంట ఉండొచ్చు, రెండు గంటలు ఉండొచ్చు. ఆ తర్వాత అంతా చిత్తడి.

ఇక మీ 4 డిగ్రీల సంగతి. ఆ అంకె 5,400 అడుగుల ఎత్తున ఉన్న ప్యారడైజ్‌లో గాలిది, మంచుది కాదు. ఆకాశం నిర్మలంగా, గాలి పొడిగా ఉన్న రాత్రి మంచు తన వేడిని నేరుగా ఆకాశంలోకి వదిలేస్తుంది. గాలి 3, 4 డిగ్రీలున్నా పైపొర సున్నాకి కిందికి పోయి గట్టి పెంకు కడుతుంది. మబ్బు కమ్మిందా, ఆ వేడిలో చాలా భాగాన్ని మబ్బే తిరిగి కిందికి పంపుతుంది. అప్పుడు గాలి 1 డిగ్రీ ఉన్నా, తెల్లారేసరికి మంచు నిన్న సాయంత్రం ఎంత మెత్తగా ఉందో అంతే మెత్తగా ఉంటుంది. ‘మబ్బేసిందిలే, ఎండ లేదు, మంచు కరగదు’ అని ధీమాగా వెళ్లేవాళ్లు నాకు ఏటా తగులుతుంటారు. కరగకపోవడం కాదు కావలసింది, గడ్డకట్టడం. వాతావరణ సూచనలో ‘ఫ్రీజింగ్ లెవెల్’ అని ఇంకో అంకె ఉంటుంది. గాలి సున్నా డిగ్రీలకు చేరే ఎత్తు అది. వేడిగాలులు వచ్చినప్పుడు అది 12,000 అడుగులు దాటి పైకి పోతుంది. అలా రెండు మూడు రోజులు ఉండి, రాత్రుళ్లు మబ్బు కూడా పడితే ఆ వారం రెయినియర్‌ని వదిలేయండి. సినిమాకి వెళ్లండి.

శనివారం పొద్దున పార్కింగ్ దాటి మంచు మీద అడుగు పెట్టగానే చిన్న పరీక్ష చేయండి. స్కీలు విప్పి మామూలు బూట్లతో నాలుగడుగులు వేయండి. అచ్చు కూడా పడకపోతే రాత్రి బాగా గడ్డకట్టినట్టు. పెంకు విరిగి చీలమండ దాకా దిగితే పైపొర మాత్రమే కట్టిందని, ఎండ రాగానే అది పోతుందని అర్థం. పొద్దున ఆరింటికే మోకాలి దాకా కూరుకుపోయారా, అక్కడితో సరి. ఇంతకంటే నమ్మదగిన సమాచారం ఏ యాప్‌లోనూ దొరకదు.

ప్యారడైజ్ నుంచి 10,080 అడుగుల క్యాంప్ మ్యూర్‌కి దాదాపు 4,700 అడుగుల ఎక్కుడు. అలవాటున్నవాళ్లకి నాలుగు గంటలు, లేనివాళ్లకి ఆరు. మ్యూర్ మంచుమైదానం దక్షిణ ముఖంగా ఉంటుంది కాబట్టి ఎండ రోజున దాని మంచి సమయం సాధారణంగా పదకొండు, ఒంటిగంట మధ్య వస్తుంది. కాబట్టి ఆరింటికల్లా నడక మొదలవ్వాలి. మొదటిసారి వెళ్లేవాళ్లు మరిచిపోయేది ఒకటుంది. పైన మంచు సరిగ్గా పక్వానికి వచ్చే వేళకి మూడు వేల అడుగుల కింద అది ఎప్పుడో చెడిపోయి ఉంటుంది. ప్యారడైజ్‌కి పైన దారిలో వచ్చే పనోరమా పాయింట్ కింది వాలు నిటారుగా ఉంటుంది, చరియలు జారిన చరిత్ర ఉన్నదే. మధ్యాహ్నం రెండింటికి తడిసి ముద్దయిన ఆ వాలు మీదికి వచ్చే కంటే, పైన మరో అరగంట మంచి స్కీయింగ్ వదులుకోవడమే మేలు. పన్నెండున్నరకి ఎక్కడున్నా సరే వెనక్కి తిరగాలని ముగ్గురూ బండిలోనే మాట్లాడేసుకోండి. కొండ మీద ఆ మాట ఎత్తితే ముగ్గురివీ మూడు గడియారాలవుతాయి.

మీ ప్రయాణానికి రెండు రోజుల ముందు కొత్త మంచు పడితే ఈ లెక్కలన్నీ మారతాయి. మే నెలలో అడుగు మంచు పడడం అక్కడ వింతేమీ కాదు. దానిమీద మొదటి ఎండ పడినప్పుడు కార్న్ రాదు, ముద్ద వస్తుంది. రాళ్ల కిందనుంచి చిన్న చిన్న మంచు ఉండలు వాటంతటవే దొర్లడం మొదలైతే ఆ వాలు కిందనుంచి తప్పుకోండి. ఉండల వెనకే వాలంతా రావచ్చు.

మా అబ్బాయికి సియాటెల్‌లో ఉద్యోగం. వచ్చే నెల రెయినియర్ శిఖరం ఎక్కుతాడట. అర్ధరాత్రి పన్నెండింటికి చీకట్లో బయలుదేరతారట. పట్టపగలు వెలుతురు పెట్టుకుని ఇదేం పని బాబూ? నాకు నిద్ర పట్టడం లేదు.
*- ఒక తల్లి, తెనాలి*

అమ్మా, ఈ ఒక్క విషయంలో మీ అబ్బాయి మీద కోప్పడకండి. పట్టపగలు బయలుదేరతానని ఉంటే నేనే కంగారుపడేవాణ్ణి.

ఆ కొండ మీద హిమానీనదాలు ఉంటాయి. అంటే కదిలే మంచుగడ్డల ఏరులు. వాటిలో నిలువునా పగుళ్లుంటాయి, కొన్ని పదుల అడుగుల లోతువి. శీతాకాలపు మంచు ఆ పగుళ్ల మీద వంతెనలు కడుతుంది. ఎక్కేవాళ్లు నడిచేది వాటి మీదుగానే. తెల్లవారుజామున గట్టిగా ఉన్న వంతెన మనిషిని మోస్తుంది, మధ్యాహ్నం ఎండకి నానిన వంతెన మోయకపోవచ్చు. పైనున్న రాళ్లను పట్టి ఉంచే మంచు కూడా ఎండెక్కాక వాటిని వదిలేస్తుంది. అందుకే రాత్రి పన్నెండు, ఒంటిగంటకి తలకి దీపం కట్టుకుని క్యాంప్ మ్యూర్ నుంచి బయలుదేరి, ఉదయం ఆరేడు గంటలకి శిఖరం చూసుకుని, మధ్యాహ్నానికల్లా తిరిగి క్యాంపు చేరతారు. నలుగురైదుగురు ఒకే తాడుకి కట్టుకుని నడుస్తారు. ఒకరు పగులులో పడితే మిగతావాళ్లు ఆపడానికి.

తెల్లవారుజామున వెళితే ఏ భయమూ ఉండదని మాత్రం మీకు అబద్ధం చెప్పను. 1981 జూన్ 21 ఉదయం, ఆరు కూడా కాకముందే, రెయినియర్ మీదే, ఇంగ్రహామ్ హిమానీనదం మీద పెద్ద మంచుగడ్డ విరిగిపడి 11 మంది చనిపోయారు. అమెరికా పర్వతారోహణలో అంతకంటే పెద్ద ప్రమాదం లేదు. 2010 జూన్ 5న మళ్లీ అక్కడే, తెల్లవారకముందే, కొత్తగా పడిన మంచు చరియగా జారి 11 మందిని లాక్కుపోయింది. పదిమంది బతికారు. హిమానీనదం కదలడానికి రాత్రీ పగలూ లేదు, కొత్త మంచుకి గడియారంతో పని లేదు. త్వరగా బయలుదేరడం వల్ల తగ్గేది ఎండ తెచ్చే ప్రమాదమే.

మీరు ఫోన్ చేసినప్పుడు ‘వెళ్లొద్దు’ అనకండి, ఎలాగూ వెళతాడు. మూడు ప్రశ్నలు అడగండి. తాడు మీద పగుళ్లలోంచి మనిషిని పైకి లాగడం నేర్చుకున్నావా? గైడుతోనా, స్నేహితులతోనా? ఎన్నింటికి వెనక్కి తిరగాలని అనుకున్నారు? మూడో దానికి జవాబు గంటల్లో చెప్పకుండా ‘చూద్దాంలే అమ్మా’ అన్నాడంటే అప్పుడు గట్టిగా మాట్లాడండి. ఆ కొండకి ఏటా సుమారు పదివేల మంది ప్రయత్నిస్తే శిఖరం అందేది దాదాపు సగం మందికే. వెనక్కి రావడం అక్కడ నామోషీ కాదు. ఆ మాట వాడికి మీ నోట వినిపిస్తే ఇంకా మంచిది.

మదర్స్ డే రోజున మౌంట్ సెయింట్ హెలెన్స్‌ని అందరూ గౌన్లు, లంగాలు వేసుకుని ఎక్కుతారని విన్నాను. మన పద్ధతిలో చీరలో ఎక్కొచ్చా? పిల్లలు ఫొటో తీస్తామంటున్నారు.
*- ఇద్దరు పిల్లల తల్లి, వాంకూవర్, వాషింగ్టన్*

విన్నది నిజమే. ఆ ఆదివారం మగవాళ్లు కూడా పూల గౌన్లతో స్కీలు మోసుకుని ఎక్కుతుంటారు. చూడముచ్చటగా ఉంటుంది. చీరకి నా అభ్యంతరం ఒక్కటే. క్రాంపాన్ల ముళ్లు. పాదం కింద పదో పన్నెండో ఉక్కు ముళ్లుంటాయి. కుచ్చిళ్ల అంచు వాటికి తగులుకుంటే గట్టి వాలు మీద బోర్లా పడడమే. మామూలు ప్యాంటు మీద చీరని మోకాళ్ల పైకి కట్టి, పిన్నులు గట్టిగా పెట్టి, కొంగు నడుముకి బిగించుకోండి. చీర మొత్తం విప్పి ఫొటో దిగాలనిపిస్తే కిందికి వచ్చాక, పార్కింగ్‌లో దిగండి.

శిఖరం మీద ఫొటో గురించే నా భయం. 1980 మే 18న ఆ కొండ పేలినప్పుడు 9,677 అడుగుల ఎత్తు 8,363కి పడిపోయింది. ఉత్తరం వైపంతా ఊడిపోయి పెద్ద గొయ్యి మిగిలింది. మీరు దక్షిణం నుంచి ఎక్కి చేరేది ఆ గోతి అంచుకే. శీతాకాలపు గాలులు ఆ అంచు మీద మంచుని గోతిలోకి వేలాడేలా పేరుస్తాయి. దాన్నే కార్నిస్ అంటారు. పైనుంచి చూస్తే చదునుగా, ఇంకా పది అడుగులు పోవచ్చన్నట్టు కనిపిస్తుంది. కింద ఉండేది గాలి. 2010 ఫిబ్రవరిలో, అంతకుముందు ఆ కొండని ఎన్నోసార్లు ఎక్కిన మనిషి ఒకరు, ఫొటో కోసం అంచున నిలబడగా కాళ్ల కింద మంచు విరిగి, గోతిలోకి పడి చనిపోయారు. మే నెల ఎండకి కార్నిస్ ఇంకా బలహీనమవుతుంది. పైగా అది మీరనుకున్న చోట విరగదు, అంచుకి బాగా వెనక విరుగుతుంది. గోతి లోపల చూడాలనే కోరిక చంపుకోండి. రాయి బయటికి కనిపించే చోటే నిలబడండి, పిల్లల్నీ అక్కడే నిలబెట్టండి.

ఇంకో మాట. పర్మిట్ తప్పనిసరి, ఏప్రిల్ 1 నుంచి దాన్ని ముందే కొనుక్కోవాలి. మార్బుల్ మౌంటెన్ నుంచి వర్మ్ ఫ్లోస్ దారిలో ఎక్కుడు 5,000 అడుగులు దాటుతుంది, దాదాపు 5,700. పిల్లలు చిన్నవాళ్లయితే సగం దూరంలోనే ఫొటో దిగి రండి.

షాస్టా మీద అవలాంచ్ గల్చ్ దారిలో వెళుతున్నాం. ఐస్ యాక్స్‌తో జారుడు ఆపుకోవడం వీడియోలు చూసి నేర్చుకున్నాను. దిగేటప్పుడు కూర్చుని జారుకుంటూ వచ్చేయొచ్చని అందరూ అంటున్నారు. క్రాంపాన్లు విప్పాలా, అక్కర్లేదా?
*- ఐటీ ఉద్యోగి, శాన్‌హోసే*

విప్పాలి. విప్పి తీరాలి. జారేటప్పుడు ఒక్క ముల్లు మంచులో దిగితే శరీరం ఆగదు, కాలు ఆగుతుంది. చీలమండ విరిగిందని వచ్చే వసంతకాలపు కథల్లో ఎక్కువ ఇవే.

మీ ఉత్తరంలో నన్ను కలవరపెట్టింది మాత్రం వీడియోల మాట. ఇంతవరకు ఈ జవాబుల్లో మెత్తబడిన మంచు గురించే చెప్పుకొచ్చాను. షాస్టాలో దానికి పూర్తిగా వ్యతిరేకమైన ప్రమాదం కూడా ఉంది: మెత్తబడని మంచు. అవలాంచ్ గల్చ్ నైరుతి వైపు తిరిగి ఉంటుంది. తూర్పు వాలు ఎనిమిదింటికి మెత్తబడితే ఇది పది దాటినా గట్టిగానే ఉండొచ్చు. 2022 జూన్ 6న అక్కడ తడి పడి గడ్డకట్టిన వాలు నిగనిగలాడే ఐసుగా మారింది. దారి పైభాగంలో ఉన్న రెడ్ బ్యాంక్స్ అనే రాతి గోడ కింది వాలు మీద ఒక్కరోజులోనే పలువురు జారిపోయారు. అనుభవమున్న గైడు ఒకామె ప్రాణాలు కోల్పోయింది. ఆమెతో తాడు కట్టుకున్న ఇద్దరికీ తీవ్ర గాయాలు.

లెక్క చూడండి. 35 డిగ్రీల గట్టి వాలు మీద నైలాన్ ప్యాంటుతో జారితే మూడు సెకన్లలో మీ వేగం గంటకి 50 కిలోమీటర్ల దగ్గరికి చేరుతుంది. యాక్స్ ముక్కుని మంచులో నొక్కి, దానిమీద ఛాతీ బరువంతా వేయాల్సింది ఆ మొదటి ఒకటి రెండు సెకన్లలోనే. ఆ పని చేతులు తమంతట తాము చేయాలి, గుర్తుచేసుకునే టైము ఉండదు. కింద రాళ్లు లేని, చదునులోకి ఆగిపోయే చిన్న వాలు చూసుకుని వెల్లకిలా, బోర్లా, తలకిందులుగా పడి మరీ సాధన చేయండి. ఎడమ చేత్తో కూడా. అంత చేసినా నిజమైన ఐసు మీద యాక్స్ దిగదు. అక్కడ పడకుండా ఉండడమొక్కటే దారి.

10,400 అడుగుల హెలెన్ లేక్ దగ్గర టెంటు వేసుకున్న రాత్రి పొద్దుపోయాక బయటికొచ్చి మంచుని యాక్స్ పిడితో పొడిచి చూడండి. గట్టి పెంకు ఏర్పడి, మర్నాటి వాతావరణ సూచనలో మబ్బు కూడా ఉంటే, ఆ వాలు మధ్యాహ్నానికి కూడా మెత్తబడదని అనుకోండి. స్కీతో దిగాలనుకునేవాళ్లకి ఇది మరీ ముఖ్యం. శిఖరం మీద పదింటికే ఉన్నామని సంబరపడి వెంటనే దిగడం కంటే, ఎండ పడే చోట కూర్చుని ఓ గంట ఆగడమే తెలివి. త్వరగా ఎక్కండి, తొందరపడి దిగకండి.

రే-బాన్ కళ్లద్దాలు చాలవా? ‘గ్లేసియర్ గ్లాసెస్’ అని వంద డాలర్లు అడుగుతున్నారు.
*- హిల్స్‌బరో*

బ్రాండు కాదు, పక్కలు మూసి ఉన్నాయా లేదా చూడండి. పచ్చగడ్డి మీద పడిన అల్ట్రావయొలెట్ కిరణాల్లో పదో వంతు కూడా వెనక్కి రాదు. మంచు మీద పడినవాటిలో 80 శాతం దాకా వస్తాయి. పైనుంచి ఒకసారి, కిందనుంచి ఒకసారి. ఎత్తు ప్రతి వెయ్యి మీటర్లకీ ఆ తీవ్రత ఇంకో పది శాతం పెరుగుతుంది. మామూలు అద్దాల పక్క సందుల్లోంచి అది కంటికి తగులుతుంది. నొప్పి అప్పుడు తెలియదు. ఆరు నుంచి పన్నెండు గంటల తర్వాత, ఇంటికెళ్లి పడుకున్నాక, కళ్లలో ఇసుక పడినట్టు గరగరలాడి నీరు కారుతుంది. కేటగిరీ 4 అద్దాలు కొంటే వాటితో కారు నడపకండి, అంత ముదురు అద్దాలు రోడ్డు మీద ప్రమాదం. సన్‌స్క్రీన్ ముక్కు రంధ్రాల లోపలి అంచుకీ, గడ్డం కిందికీ రాయండి. నోరు తెరుచుకుని రొప్పుతూ ఎక్కేవాళ్లకి అంగిలి కూడా కాలుతుంది. నమ్మలేకపోతే ఎక్కి వచ్చినవాళ్లని అడగండి.

నాకు 58 ఏళ్లు. హంప్టా పాస్ ట్రెక్ చేశాను, 14,000 అడుగులు దాటాను. జూన్‌లో మా అమ్మాయి దగ్గరికి సియాటెల్ వస్తున్నాను. రెయినియర్ 14,410 అడుగులేగా, ఎక్కగలనా?
*- రిటైర్డ్ బ్యాంకు అధికారి, హైదరాబాద్*

అంకెలు దగ్గరగా ఉన్నాయి, పని వేరు. హంప్టాలో కాలిబాట మీద మంచు తొక్కి ఉంటారు. రెయినియర్‌లో హిమానీనదం మీద, పగుళ్ల మధ్య, తాడు కట్టుకుని, క్రాంపాన్లతో నడవాలి. హంప్టాలో నాలుగైదు రోజుల్లో మెల్లగా ఎత్తు పెరిగింది, ఒంటికి అలవాటు పడే వ్యవధి దొరికింది. సియాటెల్ సముద్ర మట్టంలో ఉంది. అక్కడ్నుంచి రెండు రోజుల్లో శిఖరానికి, అంటే గాలి పీడనం 60 శాతానికి పడిపోయే చోటికి పోతారు. తలనొప్పి, వాంతులు చాలామందికి తప్పవు. ట్రెక్ చేసిన మనిషికి ఊపిరి, ఓపిక ఉంటాయి, అది మంచి పెట్టుబడి. నైపుణ్యం మాత్రం విడిగా నేర్చుకోవాలి. 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కిన మాలావత్ పూర్ణకి కూడా ముందు భువనగిరి బండ మీద, తర్వాత డార్జిలింగ్‌లో శిక్షణ ఇచ్చాకే పంపారు.

నా సలహా: ఈ జూన్‌లో మీ అమ్మాయితో కలిసి, వాతావరణం కుదిరిన రోజున, క్యాంప్ మ్యూర్ దాకా వెళ్లి రండి. మీకు అది హాయిగా జరిగితే గైడు సంస్థల శిక్షణతో కూడిన యాత్ర వచ్చే ఏటికి బుక్ చేసుకోండి. ఎత్తు వల్ల వచ్చే ఇబ్బందికి వాడే డయామాక్స్ వేసుకోవాలా వద్దా అన్నది మీ డాక్టరుతో మాట్లాడండి, సల్ఫా మందులు పడనివాళ్లు ఆ సంగతి తప్పక చెప్పాలి.

ఇంకో సందేహం మీకు వచ్చే ఉంటుంది: జూన్‌లో, సియాటెల్‌లో అందరూ టీషర్టులతో తిరుగుతుంటే, పైన అంత మంచు ఎక్కడిదని. పసిఫిక్ నుంచి వచ్చే తడిగాలులు ఆ కొండకి కొట్టుకుని శీతాకాలమంతా కురుస్తాయి. 1971-72లో ప్యారడైజ్‌లో కురిసింది 1,122 అంగుళాలు. అంటే 93 అడుగులకి పైనే. అంతా ఒకేసారి నిలిచి ఉండదు లెండి, అణిగిపోతుంటుంది. అణిగినా మే నెలలో హోటల్ కిటికీల ఎత్తుకి గుట్టలు కనిపిస్తాయి.

మా పాపకి ఆరేళ్లు. మేలో ప్యారడైజ్‌కి వెళ్లి మంచులో ఆడించొచ్చా?
*- టకోమా*

తప్పకుండా. ఒక్క జాగ్రత్త. ఈ నెలలో మంచు కింద వాగులు పారుతుంటాయి, పైకి ఏమీ కనిపించదు. నీటి చప్పుడు వినిపించినా, మంచు మీద పల్లంగా గీతలా దిగిన చోటున్నా, చెట్టు మొదలు చుట్టూ గొయ్యి ఏర్పడినా అటు పోనివ్వకండి. జనం తొక్కిన దారి పక్కనే ఆడించండి.

కిందటేడు మ్యూర్ నుంచి దిగుతుంటే ఒక్కసారిగా మబ్బు కమ్మేసి ఏమీ కనిపించలేదు. పది నిమిషాల ముందు ఎండ కాస్తోంది. ఫోన్ మ్యాప్ ఉంది కాబట్టి బయటపడ్డాం. ఫోన్ మీద ఆధారపడొచ్చా?
*- కిర్క్‌లాండ్*

ఆధారపడొచ్చు, ఫోన్ బతికి ఉన్నంతవరకు. చలికి బ్యాటరీ 40 శాతం దగ్గర కూడా ఉన్నట్టుండి ఆగిపోతుంది. ఒంటికి ఆనుకున్న లోపలి జేబులో పెట్టుకోండి, మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి, ఎక్కేటప్పుడే మీ దారిని రికార్డు చేసుకోండి.

మ్యూర్ మంచుమైదానం మెల్లటి వాలు, ఎటు చూసినా ఒకటే తెలుపు. మబ్బులో నేలకీ ఆకాశానికీ తేడా తెలియదు. స్కీల మీద నిలబడి ఉన్నామో, జారుతున్నామో కూడా తెలియని క్షణాలుంటాయి. దిగేటప్పుడు కుడికి కొట్టుకుపోతే నిస్క్వాలీ హిమానీనదం వైపు, ఎడమకి పోతే ప్యారడైజ్ హిమానీనదం వైపు. రెండు చోట్లా పగుళ్లే. క్యాంప్ మ్యూర్ నుంచి ప్యారడైజ్ దాకా దిక్సూచి కోణాలు రాసిన కాగితం పార్కువాళ్లే ఇస్తారు. అది ప్రింటు తీసి, దిక్సూచి పట్టడం ఇంట్లో నేర్చుకుని వెళ్లండి. కొంతమంది ఎక్కేటప్పుడే వెదురు పుల్లలు గుచ్చుకుంటూ వెళ్లి, దిగేటప్పుడు ఏరుకుంటూ వస్తారు. పాత పద్ధతే, ఇప్పటికీ దానికి బ్యాటరీ అక్కర్లేదు.

ముందుగా తెలిసే గుర్తు ఒకటుంది. శిఖరం మీద నున్నటి టోపీలాంటి మబ్బు కూర్చుంటే పైన గాలి పెరిగిందని, తేమ వస్తోందని. దాన్ని చూశాక పైకి పోవడం మానండి. కమ్మేశాక చేయగలిగింది తక్కువ. దారి పక్కాగా తెలియకపోతే ఆగండి, గుంపు విడిపోకండి, గాలికి అడ్డంగా మంచు తవ్వి కూర్చోండి. ఆ మైదానంలో ప్రాణాలు పోయినవాళ్లలో చాలామంది శిఖరానికి బయలుదేరినవాళ్లు కారు, ఒక్క పూట నడకకి తేలిక జాకెట్లతో వెళ్లినవాళ్లే.

మధ్యాహ్నం దిగుతుంటే స్కీలు ఉన్నట్టుండి మంచుకి అతుక్కుని ముందుకి తూలిపడుతున్నాను. ఎక్కేటప్పుడు స్కిన్ల కింద ముద్దలు కడుతున్నాయి.
*- బీవర్టన్*

మొదటిది తడి మంచు పని. దానిమీద చేరిన దుమ్ము, పుప్పొడి దాన్ని ఇంకా ముదరబెడతాయి. వెచ్చటి వాతావరణానికి వాడే వ్యాక్స్ రుద్దితే చాలావరకు తగ్గుతుంది. గోధుమ రంగు తిరిగిన మురికి పట్టీల మీద బరువు కాస్త వెనక్కి ఉంచండి. రెండోది, స్కిన్లు (ఎక్కేటప్పుడు వెనక్కి జారకుండా స్కీల అడుగున అతికించే పట్టీలు) ఎండలో తడిసి నీడలో పొడి మంచు తగిలినప్పుడు ముద్ద కడుతుంది. స్కిన్ వ్యాక్స్ ముక్క జేబులో ఉంచుకుని బయలుదేరే ముందే రుద్దండి. కట్టాక రుద్దితే సగమే ఫలితం.

అడగడానికి మొహమాటంగా ఉంది. పైన మరుగుదొడ్డి సంగతేమిటి?
*- పేరు వద్దు*

మొహమాటం ఎందుకు, అందరికీ ఉన్న అవసరమే. క్యాంప్ మ్యూర్‌లో మరుగుదొడ్లున్నాయి. అక్కడి నుంచి పైకి వెళ్లేవాళ్లకి రేంజర్లు నీలం సంచులు ఇస్తారు. పని కానిచ్చి, సంచిలో వేసి, ముడేసి, మీరే మోసుకుని దిగాలి. మంచులో పూడ్చిపెడితే అది అక్కడే ఉండిపోతుంది, తర్వాత టెంటు వేసినవాళ్లు ఆ మంచే కరిగించి టీ పెట్టుకుంటారు. సంచి బ్యాగు లోపల కాకుండా బయట కట్టండి. కట్టేముందు ముడి ఇంకోసారి చూసుకోండి, ఎండకి అదీ మెత్తబడుతుంది.